కూల్‌డ్రింక్ రేకు

తెల్లవారుతుండగా ధవళేశ్వరం ఆనకట్ట ఎక్కామో లేదో, బావకీ తమ్ముడికీ మాటామాటా మొదలైపోయింది. కింద గోదారి ఎర్రగా, బరువుగా పోతోంది. రెండు నిమిషాలు ఆగి చూద్దామంటే వినేవాళ్ళేరీ!

ఆ రోజు 2025 సెప్టెంబరు 28, ఆదివారం. రాజమండ్రి నుంచి అంతర్వేదికి సైకిళ్ళ మీద వెళ్ళి, సాయంత్రం సత్రం గదిలో కూర్చుని ప్రపంచ రోడ్ సైక్లింగ్ పోటీ చూడాలన్నది ఏర్పాటు. పోటీ రువాండా రాజధాని కిగాలిలో. ఈ ఛాంపియన్‌షిప్ ఆఫ్రికాలో జరగడం అదే మొదటిసారి.

బావంటే మా మేనమామ కొడుకు. ల్యూవెన్‌లో రెండేళ్ళు ఎమ్మెస్ చదివొచ్చాడు. పట్టాతో పాటు బెల్జియంవాళ్ళ పౌరుషం కూడా సంచిలో పెట్టుకొచ్చాడు. ఆయన దేవుడు ఆ దేశపు సైక్లిస్టు రెమ్కో ఎవెనెపూల్. మా తమ్ముడు హైదరాబాదులో ఉద్యోగం. స్లొవేనియా ఎక్కడుందో మ్యాపులో వేలుపెట్టి చూపించలేడు గానీ ఆ దేశపు సైక్లిస్టు తదేయ్ పొగాచర్‌ని ఎవరైనా ఏమన్నా అంటే మాత్రం అన్నం మానేస్తాడు.

"వారం కిందట టైమ్ ట్రయల్‌లో ఏమైందిరా? రెండున్నర నిమిషాలు ముందు బయల్దేరిన మీవాణ్ణి మావాడు వెనకనించొచ్చి దాటేశాడు" అంటాడు బావ. "అది ఒక్కడే గడియారంతో పడే పందెం బావా. అసలు పందెం ఇవాళ" అంటాడు తమ్ముడు. బొబ్బర్లంక దాటినా అదే, ఆత్రేయపురంలో పూతరేకులు కొన్నప్పుడూ అదే.

రావులపాలెంలో ఇడ్లీ తిని కొత్తపేట మీదుగా కాలవ గట్టు పట్టుకున్నాం. డెల్టాలో సైకిలు తొక్కడానికి ఒక సుఖం, ఒక కష్టం. ఎక్కుడు ఉండదు, వంతెన వస్తేనే గేరు మార్చేది. కానీ దిగుడూ ఉండదు కాబట్టి కాలికి విశ్రాంతి లేదు, వంద కిలోమీటర్లూ తొక్కుతూనే ఉండాలి. పి.గన్నవరం దగ్గర మాత్రం మాటలు ఆగాయి. అక్కడ వైనతేయ పాయ మీదుగా కాలవని అక్విడక్టు దాటిస్తుంది. ఏటి పైన ఇంకో ఏరు పోతున్నట్టుంటుంది. ఎన్నిసార్లు చూసినా నేను బండి దిగుతాను.

రాజోలు దాటాక నా సీటు మొరాయించింది. బిగించిన ఐదు నిమిషాలకే జారి, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కిందికి దిగిపోతోంది. రోడ్డు పక్కన కొబ్బరిచెట్టు కింద ఒక సైకిల్ షాపు ఉంటే ఆగాం. పెద్దాయన నా మాట పూర్తి కానివ్వలేదు. సీటు రాడ్డు పైకి లాగి, బనీను గుడ్డతో గ్రీజంతా తుడిచాడు. కాళ్ళ దగ్గర పడున్న కూల్‌డ్రింక్ డబ్బా తీసి, కత్తెరతో చీల్చి, రెండు వేళ్ళ వెడల్పు రేకు ముక్క కోశాడు. అంచులు చెయ్యి కొయ్యకుండా సుత్తితో తట్టి, రాడ్డు చుట్టూ చుట్టి, గొట్టంలోకి మెల్లగా తిప్పుతూ దింపాడు. బోల్టు బిగించాక రెండు చేతులూ సీటు మీద ఆనించి తన బరువంతా వేశాడు. ఇసుమంత కదల్లేదు.

"ఆయ్, ఇంక ఎల్లండి. ఇరవై ఇవ్వండి."

అంతర్వేది చేరేసరికి మధ్యాహ్నం దాటింది. స్నానాలు చేసి, నరసింహస్వామి దర్శనం చేసుకుని, గదిలో ఫోనుని చెంబుకి ఆనించి కూర్చున్నాం. అక్కడ పొద్దున్న మొదలైన పందెం మనకి మధ్యాహ్నం ఒంటిగంట దాటాక మొదలైంది. 267 కిలోమీటర్ల పైన దూరం, ఐదు వేల మీటర్ల పైన ఎక్కుడు. మా దారితో పోల్చి చూసుకుని నాకు నవ్వొచ్చింది.

ఈ పందెంలో ఒక చిత్రం ఉంది. ఏడాదంతా వీళ్ళు కంపెనీ జట్లలో తొక్కుతారు. ఈ ఒక్కరోజు దేశం చొక్కా వేసుకోవాలి. నిన్నటిదాకా ఒకే బల్ల మీద అన్నం తిన్నవాళ్ళు ఇవాళ ప్రత్యర్థులు. గెలుపు ఇంకా 104 కిలోమీటర్ల దూరం ఉండగా మౌంట్ కిగాలి ఎక్కుడు మీద పొగాచర్ అటాక్ చేశాడు, అంటే గుంపుని వదిలి ముందుకు దూకాడు. మాకు రాజమండ్రి నుంచి అంతర్వేది ఎంతో, ఇంచుమించు అంత దూరం. వెంట పట్టుకుని వెళ్ళినవాళ్ళెవరయ్యా అంటే స్పెయిన్ అయూసో, మెక్సికో డెల్ టోరో. ఇద్దరూ పొగాచర్ కంపెనీ జట్టువాళ్ళే!

బావ లేచి నిలబడ్డాడు. "చూశావా? దేశం చొక్కా పైన, కంపెనీ చొక్కా లోపల!"

"అయూసో ఆ జట్టుతో చెడిపోయి బయటికి పోతున్నాడు బావా. ఈ నెల్లోనే చెప్పారు. వాడెందుకు సాయం చేస్తాడు? వాళ్ళిద్దరికీ కాళ్ళల్లో సత్తా ఉంది కాబట్టి పట్టుకున్నారు."

ఈ ఒక్క విషయంలో నేను తమ్ముడి పక్షం. ఆ ఇద్దర్లో ఎవడూ చివరిదాకా నిలవనూ లేదు. ఆఖరి 66 కిలోమీటర్లు పొగాచర్ ఒక్కడే తొక్కాడు.

బావకి అసలు దెబ్బ ఇంకోటి. గుంటలో పడి ఎవెనెపూల్ సీటు కిందికి దిగిపోయింది. బండి మార్చాడు. అదీ కుదరలేదు. రోడ్డు పక్కన నిలబడి, జట్టు కారు కోసం ఎదురుచూసి, మళ్ళీ మార్చాడు. అంత జరిగినా నిమిషం 28 సెకన్ల తేడాతో రెండో స్థానం తెచ్చుకున్నాడు. మొదలుపెట్టిన 165 మందిలో చివరిగీత దాటింది 30 మందే.

అయిపోయాకే రగడ అసలు ముదిరింది. "సీటు దిగకపోయుంటే" అని బావ, "గుంట అందరికీ ఒకటే" అని తమ్ముడు. అప్పుడు బావ 2021 తవ్వాడు. ఆ యేడు పోటీ ల్యూవెన్‌లోనే, ఆయన చదివే ఊళ్ళోనే ముగిసింది. ఫ్రాన్స్ ఆటగాడు అలఫిలిప్ ఒంటరిగా పోతుంటే, గట్టు మీద బెల్జియం జనం నెమ్మదిగా తొక్కమని తిట్లు కలిపి మరీ అరిచారట. దాంతో ఇంకా గట్టిగా తొక్కానని గెలిచాక ఆయనే చెప్పాడు.

"అరిచినవాళ్ళలో నువ్వూ ఉన్నావా?" అడిగాను.

బావ మాట్లాడలేదు. పూతరేకు పొట్లం విప్పుకున్నాడు.

గెలుపోటముల్లో మనవాడొక్కడూ లేని పందేనికి ఇంత గొంతు చించుకోవడమేంటని అడుగుదామనుకుని మానేశాను. కనుమనాడు కోనసీమ జగ్గన్నతోటలో పదకొండు ఊళ్ళ ప్రభలు కొలువుతీరితే, మా అమ్మమ్మగారి ఊరి ప్రభే అందమైందని నేనూ వాదిస్తాను. ఆ ఊళ్ళో నేను వరసగా నెల్లాళ్ళు ఉన్నది లేదు.

ఎనిమిదింటికి దుబాయ్‌లో పాకిస్తాన్‌తో ఆసియా కప్పు ఫైనల్ మొదలైంది. బెల్జియం, స్లొవేనియా రెండూ ఒకే చాప మీదికి చేరాయి. 20 పరుగులకి మూడు వికెట్లు పోతే తమ్ముడి చెయ్యి బావే పట్టుకున్నాడు. మన తిలక్ వర్మ 69 కొట్టి నిలబడ్డాక పక్కగదివాళ్ళు కూడా మా గదిలోకే వచ్చేశారు. ఆ రాత్రి కప్పు చేతికి తీసుకోకుండానే మనవాళ్ళు సంబరం చేసుకున్నారు. దాని మీద ఇంకో వాదన లేచి, ఒంటిగంటకి గానీ పడుకోలేదు.

మర్నాడు తిరుగుదారిలో అదే షాపు దగ్గర ఆగాం. సీటు ఎలా ఉందని పెద్దాయన అడిగితే బావ ఎవెనెపూల్ గోడంతా వెళ్ళబోసుకున్నాడు. ఆయన చక్రం తిప్పడం ఆపి శ్రద్ధగా విన్నాడు.

"ప్రపంచ పందేనికెల్లే బండికి రేకు ముక్క పెట్టేవోడు లేడేటండీ?"

ప్రపంచంలో తన బాధ అర్థమైన మొదటి మనిషి దొరికినట్టు బావ మొహం వెలిగిపోయింది. "నా బండికీ ఓ రేకు పెట్టండి" అన్నాడు.

పెద్దాయన సీటు పట్టుకుని ఊపి చూశాడు. "మీది బిగువుగానే ఉందండి."

"అయినా పెట్టండి."

ఖాళీ డబ్బా కోసం పెద్దాయన కాళ్ళ దగ్గర వెతుకుతుంటే, తమ్ముడు చేతిలో ఉన్న కూల్‌డ్రింకు గటగటా తాగేసి, డబ్బా బావ చేతిలో పెట్టాడు.