కీడెంచేవారంతా నిరాశావాదులేనా?

ఏ పని తలపెట్టినా ముందుగా అందులోని ప్రమాదాలను ఏకరువు పెట్టేవారిని చూస్తే ఒకప్పుడు నా మనసు చివుక్కుమనేది. అది నిరాశావాదమనీ, వారి స్వభావంలోని లోపమనీ చాలాకాలం నమ్మాను. ‘కీడెంచి మేలెంచాలి’ అన్న మాట చిన్ననాటి నుంచీ వింటున్నా, అందులో ఎంచడం రెండుసార్లు ఉందనీ, కీడు దగ్గరే ఆగిపొమ్మని ఆ మాట చెప్పడం లేదనీ గమనించలేదు. ఆశకూ సంస్కృతికీ ఉన్న సంబంధంపై జరిగిన పరిశోధనలను చదివిన తరువాతే నా తీర్పు ఎంత తొందరపాటుదో తెలిసింది.

వాటిలో నన్ను ఎక్కువ కాలం వెంటాడినది బెర్లిన్ ఉదాహరణ. గాబ్రియేల్ ఎటింగెన్, మార్టిన్ సెలిగ్మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు, 1984లో సరయేవోలో జరిగిన శీతాకాల ఒలింపిక్స్‌పై తూర్పు, పశ్చిమ బెర్లిన్ పత్రికలు రాసిన వార్తలను పోల్చి చూశారు. గెలుపోటములకు ఆ పత్రికలు ఎటువంటి కారణాలు చెబుతున్నాయన్నదే వారు పరిశీలించిన విషయం. గెలుపు మన సామర్థ్యం వల్ల వచ్చిందనీ, ఓటమి ఆనాటి పరిస్థితి వల్ల కలిగిందనీ చెప్పుకోవడం ఆశావాద ధోరణి. ఓటమికి ఎన్నటికీ మారని కారణాన్ని, గెలుపుకు తాత్కాలికమైన కారణాన్ని వెతుక్కోవడం నిరాశావాద ధోరణి. ఆ క్రీడల్లో తూర్పు జర్మనీకి 24 పతకాలు వచ్చాయి, పశ్చిమ జర్మనీకి 4 మాత్రమే దక్కాయి. అయినప్పటికీ తూర్పు బెర్లిన్ పత్రికల వివరణల్లోనే నిరాశ ఎక్కువగా కనిపించింది.

ఆ నగరంలో రెండు వైపులా భాష ఒక్కటే. రెండో ప్రపంచయుద్ధం ముగిసేదాకా చరిత్ర కూడా ఒక్కటే. ఆ తరువాతే తూర్పున కమ్యూనిస్టు పాలన, పశ్చిమాన ప్రజాస్వామ్య పాలన వచ్చాయి. ఇద్దరి మధ్య గోడ లేచింది 1961లో. సంస్కృతి అనగానే మనం వేల ఏళ్ల వారసత్వాన్నే ఊహించుకుంటాము కానీ, మనుషులు తమ భవిష్యత్తును గురించి మాట్లాడే తీరు ఒక తరం గడిచేలోపే, ఒకే నగరంలో, పాలనను బట్టి విడిపోగలదన్న సంగతి నన్ను కలవరపెట్టింది. తన ప్రయత్నానికి ఫలితం ఉంటుందని అనుభవం చెప్పని చోట, పతకాలు ఎన్ని వచ్చినా ఆశ నిలదొక్కుకోలేదని నేను అర్థం చేసుకున్నాను.

అలాగని తరతరాల ఆలోచనా రీతికి బలం లేదని అనలేము. చైనా, అమెరికా విద్యార్థులకు లీ-జున్ జీ, ఆమె సహపరిశోధకులు చూపిన ప్రశ్నలు ఇందుకు చక్కని ఉదాహరణ. ఇప్పుడున్న స్థితి మున్ముందు ఎలా ఉంటుందని అడిగితే, ఉన్నది తిరగబడవచ్చని చైనా విద్యార్థులు ఎక్కువగా ఊహించారు. గుర్రం తప్పిపోయిందని బాధపడకుండా, అదే మరో గుర్రాన్ని వెంటబెట్టుకొచ్చినా పొంగిపోకుండా ఉన్న ముసలివాని కథ ఆ దేశంలో రెండు వేల ఏళ్లకు పైగా చెప్పుకుంటున్నదే. ఇలా ఆలోచించేవారు మంచి రోజుల్లో దిగులుపడుతున్నట్లు కనిపిస్తారు. చెడ్డ రోజుల్లో వారికి ఆసరా అయ్యేది కూడా ఆ ఆలోచనే. వారిని ఏ పేరుతో పిలవాలి?

ఈ చిక్కును ఎడ్వర్డ్ చాంగ్ 1996లో ప్రచురించిన అధ్యయనం మరింత స్పష్టం చేసింది. ఆసియా మూలాలున్న అమెరికన్ విద్యార్థుల్లో నిరాశావాదం శ్వేతజాతి విద్యార్థులకన్నా ఎక్కువగా కనిపించింది, కానీ ఆశావాదం చెప్పుకోదగినంత తక్కువగా లేదు. అంటే ఈ రెండూ ఒకే త్రాసులోని రెండు సిబ్బెలు కావన్నమాట. పైగా శ్వేతజాతి విద్యార్థుల్లో నిరాశావాదం సమస్యలను ఎదుర్కొనే ప్రయత్నాన్ని తగ్గించేదిగా కనిపిస్తే, ఆసియా మూలాలున్నవారిలో ఆ ప్రయత్నంతో కలిసే నడిచింది.

ఈ సంగతి చదివినప్పుడు, ప్రమాదాలను ముందే లెక్కించి, ఆ తరువాత పనిని ఓపికగా చక్కబెట్టినవారు ఎందరో నాకు జ్ఞాపకం వచ్చారు. నేను వారి మొదటి మాటను మాత్రమే విన్నాను, వారు చేసిన పనిని లెక్కలోకి తీసుకోలేదు. ఇప్పుడు అటువంటివారు ఎదురైతే, వారు చెప్పే కీడునంతా పూర్తిగా విని, ‘అలా జరిగితే మీరేం చేస్తారు?’ అని అడుగుతున్నాను. చాలామంది దగ్గర సమాధానం సిద్ధంగానే ఉంటోంది.