మల్లన్నసాగర్ ముంపు: మా నాయిన సమాధిని తరలించిన అనుభవం

సిద్దిపేట జిల్లాలో 50 టీఎంసీల మల్లన్నసాగర్ రిజర్వాయర్ కింద వేములఘాట్, ఏటిగడ్డ కిష్టాపూర్, పల్లెపహాడ్‌ లాంటి ఊళ్లతో పాటు మా ఊరూ పోయింది. సర్వేలో ఇల్లు కొలిచారు. బావి, బోరు, వేపచెట్టు అన్నీ రాసుకున్నారు. బొందలగడ్డలో ఉన్న మా నాయిన, నాయనమ్మల సంగతి ఏ కాగితంలోనూ లేదు.

"బిడ్డా, మీ నాయినను నీళ్లల్ల ఇడిచిపెట్టి పోతమా?" అని చిన్నాయన అడిగిన రోజే తరలించాలని తేల్చుకున్నాం.

2013 భూసేకరణ చట్టం మూడో షెడ్యూల్ చదివించుకున్నాను. పునరావాస కాలనీలో ఉండాల్సిన సౌకర్యాల్లో శ్మశానం కూడా ఉంది, అదీ ఆయా కులాల ఆచారాన్ని బట్టి. పాత సమాధులను ఏం చేయాలో మాత్రం అందులో లేదు. అందుకే అర్జీలో రెండూ రాశాం: గజ్వేల్ దగ్గరి కాలనీలో స్థలం చూపించాలి, మా వాళ్లను తీసుకెళ్లడానికి ఒప్పుకోవాలి. ఆఫీసులో ఇది ఎవరి పనో తేలక చాలా తిప్పారు. ఆ టెన్షన్‌లో ఒక్కటే ధైర్యం, అర్జీ మీద ముద్ర వేయించుకున్న కాపీ చేతిలో ఉండటం.

నాయినది సిమెంటు సమాధి కాబట్టి తేలికగానే దొరికింది. నాయనమ్మది ఉత్త మట్టి, తలాపున ఒక రాయి. ఆ రాయి కూడా కదిలిపోయింది. తుమ్మచెట్టు నుంచి అడుగులు లెక్కపెట్టి, తల దక్షిణానికి పెట్టిన గుర్తుతో చిన్నాయనే చోటు చూపించాడు. పైమట్టి గడ్డపారతో తీసి, తర్వాత చేతులతోనే తోడాం. నాయిన ఎముకలు కొత్త కుండలో పెట్టి, పసుపు కుంకుమ వేసి, తెల్లబట్ట కట్టాం. నాయనమ్మవి దొరకలేదు. ఆ చోటి మట్టే కుండలో నింపాం. చిన్నాయన ట్రాలీ ఆటోలో రెండు కుండలనూ కింద పెట్టనివ్వకుండా ఒడిలోనే పట్టించాడు.

మా ఊరి ముస్లింలు ఖబర్లను కదపొద్దన్నారు. ఫాతిహా చదివి వచ్చేశారు. వాళ్ల బాధ మాకంటే పెద్దదనే అనిపించింది నాకు.

ఇప్పుడు పెత్రమాసకు (పెద్దల అమావాస్యకు) కాలనీ దగ్గరే వాళ్ల పేరు మీద బియ్యం ఇస్తున్నాం.

ముంపు జాబితాలో మీ ఊరుంటే గ్రామసభలోనే శ్మశానం స్థలం అడిగి మినిట్స్‌లో రాయించండి. సమాధులన్నింటికీ ఫొటోలు తీయండి. మట్టి సమాధులను మాత్రం ముసలివాళ్లను వెంటబెట్టుకుని ముందే గుర్తుపెట్టుకోండి, వానలు పడితే నల్లరేగడిలో తవ్వలేరు.