వీధి లైటు కింద చామంతి పూయదు

పర్లాకిమిడి, రాయగడ వైపు కార్తీకం నాటికి పెరడు రంగులతో నిండాలంటే చామంతికి చీకటి కావాలి. రాత్రులు పొడవైతేనే అది మొగ్గ తొడుగుతుంది. వీధి లైటు పడే గోడవారన పెట్టిన కుండీ ఆకులతో ఏపుగా పెరుగుతుందే తప్ప త్వరగా పూతకు రాదు; ఎరువు ఎంత వేసినా దండగే. జూలైలో నాటిన పిలకలు జానెడు ఎదగ్గానే తలలు తుంచాలి, సెప్టెంబరు నడిమికి ఆపేయాలి. ఆ తర్వాత తుంచితే పోయేవి మొగ్గలే. పెద్ద పువ్వు కావాలంటే కొమ్మకు నడి మొగ్గ ఒక్కటే ఉంచి, పక్కవి బఠాణీ గింజంత కాకముందే గిల్లేయండి. చిగురు ముడుచుకుని వేలికి జిగురు తగిలితే పేనుబంక పట్టినట్టే: లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం ఆకుల అడుగున కొట్టాలి.

ఇంత ఓపిక లేనివాళ్లకు డిసెంబరాలున్నాయి. పూత అయ్యాక సగానికి కత్తిరిస్తే చాలు.