మా క్లాసుకీ వాళ్ల క్లాసుకీ మధ్య ఒక గంట

అమెరికా ఈస్ట్ కోస్ట్‌లో ఐదో తరగతి పిల్లలకి సైన్స్ చెప్తాను. ఇండియాలో ఒక స్కూల్లో ఐదో క్లాసుతో కలిసి పాఠాలు చేద్దామని మొదలుపెట్టినప్పుడు, రెండు దేశాలూ తెలిసినదాన్ని, నాకేం కష్టం అనుకున్నా. తీరా చూస్తే అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది టైం.

చలికాలంలో ఇక్కడ పొద్దున ఎనిమిదంటే అక్కడ సాయంత్రం ఆరున్నర. స్కూల్ అయ్యాక కూడా పిల్లల్ని ఆపాలి, ఆ మేడం పాపం ఓపిగ్గా ఆపేవారు. మార్చి రెండో ఆదివారం ఇక్కడ గడియారాలు గంట ముందుకి జరుపుతారు, ఇండియాలో అదేం లేదు, ఆ సంగతి నేను ముందుగా చెప్పలేదు. సోమవారం ఎనిమిదికి మేం స్క్రీన్ ముందు కూర్చుంటే అవతల ఎవరూ లేరు. తొమ్మిదికి మెసేజ్ వచ్చింది, "పిల్లలు రెడీ మేడం" అని, కింద నలభై మంది ఒకే లాప్‌టాప్ ముందు సర్దుకుని కూర్చున్న ఫోటో. అప్పటికే నా క్లాసు జిమ్‌కి వెళ్లిపోయింది. ఈరోజు కుదరదని టైప్ చేయడానికి చేతులు రాలేదు నాకు.

పోనీ ఇంకో వారం అంటే వాళ్లకి పరీక్షలు, తర్వాత ఎండాకాలం సెలవులు, జూన్‌లో వాళ్లు తెరిచేసరికి మేం మూసేస్తాం.

ఇంకోటి ఫోటోలు. పదమూడేళ్ల లోపు పిల్లల వివరాలు ఆన్‌లైన్ సర్వీసులు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని ఇక్కడ 1998లో చట్టం చేశారు, దాని పేరు కొప్పా, దానికి తోడు మా స్కూల్ రూల్స్ వేరే. మా పిల్లల మొహాలు కనిపించే స్క్రీన్‌షాట్ పేరెంట్స్ గ్రూపులో పెట్టొద్దంటే "మా మీద నమ్మకం లేదా మేడం?" అన్నారావిడ. నమ్మకం సంగతి కాదండీ అని అరగంట ఫోన్‌లో చెప్పాను, ఆ మాట ఈమెయిల్‌లో రాసుంటే మా స్నేహం అక్కడితో సరి.

ఆ సెప్టెంబర్‌లో లైవ్ కాల్స్ మానేశాం. పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజున రెండు చోట్లా మీటరు కర్ర నిలబెట్టి, నీడ అన్నిటికంటే పొట్టిగా ఉన్నప్పుడు కొలిచి పంపుకోవాలి, ఎవరి మధ్యాహ్నం వాళ్లది, ఎవరూ ఎవరికోసం ఆగక్కర్లేదు. మాది 40 డిగ్రీల అక్షాంశం, వాళ్లది 17. మావాళ్లు 33 అని రాశారు, అక్కడినుంచి 31 అని వచ్చింది, దాదాపు ఒకటే అని మా క్లాసంతా చప్పట్లు! ఒక పిల్ల మాత్రం కర్రని తిప్పి తిప్పి చూసి, మనం అంగుళాల వైపు కొలిచామేమో అంది. నిజమే, మాది 84 సెంటీమీటర్లు. ఆ తప్పు మీద రెండు క్లాసులూ వారం రోజులు ఉత్తరాలు రాసుకున్నాయి, నేను ఏర్పాటు చేసిన ఏ కాల్‌లోనూ వాళ్లు అంతగా మాట్లాడుకోలేదు.

డిసెంబర్ 21న మళ్లీ కొలిచాం. మా నీడ రెండు మీటర్లు. వాళ్లది 85 సెంటీమీటర్లని వచ్చింది, ఆ పిల్లే గబగబా పాత నోట్‌బుక్ తీసి, "ఇది మన సెప్టెంబర్ నీడ, ఇప్పుడు వాళ్లదగ్గరుంది" అంది.