వెండి దెయ్యం కింద కమాన్ కట్టలు

మా అబ్బాయి పుణెలో ఉంటాడు. పోయిన సంక్రాంతికి వెళ్తే, "నాన్నా, నీకు నచ్చే చోటొకటుంది" అని అహ్మద్‌నగర్ ట్యాంకుల మ్యూజియానికి తీసుకెళ్ళాడు. అందరూ ట్యాంకుల పక్కన ఫోటోలు దిగుతున్నారు. నేను మాత్రం రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ దగ్గర ఆగిపోయాను. పేరు మన మాటలో చెప్పాలంటే వెండి దెయ్యం. ఇనప రేకు తొడిగిన కారు.

ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్ళు లారీలకు బాడీలు కట్టినవాణ్ణి. ఏ బండి చూసినా కళ్ళు ముందు కిందికే పోతాయి. వంగి కమాన్ కట్టలు, అంటే బండి బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగులు, చూస్తుంటే మా ఆవిడ, "ఏవండీ, ఇది మన షెడ్డు కాదు, లేవండి" అంది.

దొరలు షికారు తిరిగే కారు ఛాసీ, అంటే అడుగు చట్రం, అది. దాని మీద మందపాటి రేకులు, గిర్రున తిరిగే బురుజు, మెషిన్ గన్ పెట్టారు. బరువు నాలుగు టన్నుల దాకా తేలింది. వెనక జత చక్రాలు ఎందుకేశారో మాలాంటి వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు.

రోల్స్ రాయిస్ ఖరీదు తట్టుకోలేకే ఇక్కడి బ్రిటిష్ సర్కారు సైన్యానికి 1923 నుంచి క్రాస్లీ కంపెనీ ఇనప కార్లు తెప్పించారు. వాయవ్య సరిహద్దు (ఇప్పటి పాకిస్తాన్‌లో అఫ్ఘాన్ వైపు) ఎండలకి లోపల వేడి ఆపే ఆస్‌బెస్టాస్ వేశారు. తూటా తగిలితే జారిపోయేలా బురుజును గుమ్మటంలా గుండ్రంగా చేశారు. గాలి లేని నిండు రబ్బరు టైర్లు. పంక్చర్ బాధ లేదు సరే, ఆ కొండ దారుల్లో ప్రతి రాయి దెబ్బా నేరుగా ఛాసీకే. రేకు చెక్కుచెదరలేదు గానీ కింద భాగాలు అరిగిపోయాయి. 1939లో ఆ బాడీలు ఊడదీసి షెవర్లే ఛాసీల మీద ఎక్కించారు. మా షెడ్డులో చేసే పనే! రెండో ప్రపంచ యుద్ధం ముదిరాక కెనడా ఫోర్డ్ ఛాసీలకి ఇక్కడే, టాటా ఉక్కుతో బాడీలు కట్టారు. వాటిని టాటానగర్లనే పిలిచేవారు.

పనితనం మెచ్చుకుంటూనే ఒకచోట నా నోరు పడిపోయింది. జనం దగ్గరికి రాకుండా క్రాస్లీ పైరేకుకి కరెంటు పెట్టే ఏర్పాటు ఉండేదట. అంటే ఎవరి కోసం కట్టారో బండే చెబుతోంది. 1930 ఏప్రిల్ 23న పెషావర్ కిస్సా ఖ్వానీ బజారులో ఇలాంటి ఇనప కార్లనే జనం మీదికి తోలారు.

అమృత్‌సర్ సంగతి మరీను. 1919 ఏప్రిల్ 13న డయ్యర్ రెండు ఇనప కార్లు వెంట తెచ్చాడు. జలియన్‌వాలా బాగ్ సందు ఇరుకై అవి బయటే ఆగిపోయాయి. లోపలికి పట్టి ఉంటే మెషిన్ గన్లు వాడేవాణ్ణేమోనని ఆ కాల్పుల మీద విచారణకు వేసిన హంటర్ కమిటీ ముందు తనే ఒప్పుకున్నాడు. మేం బాడీ కట్టేటప్పుడు వెడల్పు అంగుళం పెరిగితే ఓనరుతో తగువు. అక్కడ ఆ వెడల్పే అడ్డం పడింది. అయినా లోపల వందల మంది పోయారు, రైఫిళ్ళతోనే.

కారు ముందు నిలబడి రెండు చేతులూ చాచి వెడల్పు కొలిచాను. మావాడు ఫోటో తీశాడు.