మర దగ్గర పుట్టిన గుర్రాల చిత్రకారుడు

గుర్రప్పందేలు, వేట, పల్లె సంతలు, పొలాల్లో జంతువులు. ఇంగ్లండ్‌లో వీటిని వేసే చిత్రకారులది పాత సంప్రదాయం. 18వ శతాబ్దంలో జార్జ్ స్టబ్స్ దగ్గర మొదలుపెడితే 20వ శతాబ్దంలో ఆల్ఫ్రెడ్ మన్నింగ్స్ దాకా చాలామంది పేర్లు వస్తాయి. ఈ బొమ్మలు ఎక్కువగా జమీందారుల గోడల మీదే వేలాడాయి కాబట్టి, వేసినవాళ్లు కూడా ఆ ఇళ్లకు చెందినవాళ్లే అనుకుంటాం. మన్నింగ్స్ విషయంలో అది నిజం కాదు. ఆయన పిండి మర నడిపిన కుటుంబంలోని పిల్లవాడు. ఆ కుటుంబం కథ తెలుసుకోవాలనే మేము తూర్పు ఇంగ్లండ్‌లోని ఎసెక్స్, సఫోక్ జిల్లాల పల్లెల్లోకి వెళ్లాం.

మేము అంటే నేను, మా మామయ్యగారు. ఆయనది పశ్చిమ గోదావరిలో ఉండి అనే ఊరి దగ్గర పల్లె. చాలా ఏళ్లు రైస్ మిల్లు నడిపారు. వేసవికి కూతుర్నీ మనవల్నీ చూడ్డానికి కోల్చెస్టర్ వచ్చారు. మన్నింగ్స్ మ్యూజియం అంటే పెద్దగా ఉత్సాహం చూపలేదు గానీ, ఆ చిత్రకారుడి తండ్రి మిల్లు నడిపేవాడని చెప్పగానే "అయితే పద బాబూ" అని చెప్పులు వేసుకున్నారు.

ముందుగా ఫ్లాట్‌ఫర్డ్‌లో ఆగాం. అక్కడ స్టౌర్ నది ఒడ్డున ఎర్ర ఇటుకల పాత మర ఉంది. పక్కనే లాకులు. అది మన్నింగ్స్ వాళ్ల మర కాదు, జాన్ కాన్‌స్టబుల్ తండ్రిది. 1776లో పుట్టిన కాన్‌స్టబుల్, 1878లో పుట్టిన మన్నింగ్స్, ఇద్దరూ మరల దగ్గర పెరిగినవాళ్లే. లాకుల దగ్గర మామయ్యగారు చాలాసేపు నిలబడ్డారు. "మా చిన్నప్పుడు కాలువ గట్టు మీద మనుషులే తాడు భుజానికేసుకుని పడవలు లాగేవాళ్లు. ఇక్కడ ఎవరు లాగేవాళ్లు?" అని అడిగారు. గుర్రాలు లాగేవని చెప్పాను. గట్టు వెంట పశువులు దాటిపోకుండా కట్టిన అడ్డు కంచెలను ఆ గుర్రాలు దూకి వెళ్లేవి. అలా దూకుతున్న గుర్రాన్నే కాన్‌స్టబుల్ 1825లో పెద్ద చిత్రంగా వేశాడు. ఆ చిత్రం ఇప్పుడు లండన్‌లో చిత్రకారుల సంస్థ అయిన రాయల్ అకాడమీలో ఉంది. అదే అకాడమీకి 1944లో మన్నింగ్స్ అధ్యక్షుడయ్యాడు. ఆ ఏడాదే సర్ బిరుదు కూడా వచ్చింది.

అక్కణ్ణుంచి డెడమ్ దగ్గరే. ఊరి చర్చి గోపురం దూరం నుంచే కనిపిస్తుంది. ఊరు దాటి కొంచెం మెట్ట ఎక్కితే క్యాసిల్ హౌస్. పేరు కోట అయినా ఇల్లు పెద్ద పల్లెటూరి ఇల్లులాగే ఉంటుంది. సగం ట్యూడర్ రాజుల కాలం (సుమారు 16వ శతాబ్దం) నాటిది, సగం తర్వాత కట్టింది. చుట్టూ పచ్చిక బయళ్లు. మన్నింగ్స్ దీన్ని 1919లో కొన్నాడు. 1959 జూలైలో చనిపోయేదాకా ఇదే ఆయన ఇల్లు. చితాభస్మం మాత్రం లండన్ సెయింట్ పాల్స్ కేథడ్రల్‌లో ఉంది.

ఇంట్లో గదులు ఆయన ఉన్నప్పటిలాగే ఉంచారు. నాకు బాగా నచ్చింది తోటలోని స్టూడియో. అది ముందు ఇక్కడిది కాదు. నార్విచ్ దగ్గర స్వెయిన్స్‌థార్ప్ అనే పల్లెలో కట్టించుకున్న చెక్క స్టూడియోను విప్పి, ఇక్కడికి తెచ్చి మళ్లీ నిలబెట్టుకున్నాడు. మన ఊళ్లలో కొత్త ఇల్లు కట్టుకునేటప్పుడు తాతల నాటి సింహద్వారాన్ని తెచ్చి పెట్టుకుంటారు చూడండి, అలాంటి మమకారమే ఇది.

అన్నిటికంటే ఎక్కువసేపు నిలబడింది ఒక పెద్ద చిత్రం ముందు. అందులో ఈ ఇల్లే వెనకాల కనిపిస్తుంది. గుర్రం మీద ఆయన భార్య వయొలెట్, పక్కన చేతిలో కుంచెతో ఆయన. 'నా భార్య, నా గుర్రం, నేను' అని పేరు పెట్టుకున్నాడు. వాళ్లకు పిల్లలు లేరు. కాబట్టి ఇది ఆయన కుటుంబ చిత్రమే అని నాకనిపించింది. గుర్రాన్ని కూడా కుటుంబ సభ్యుల లెక్కలో వేసుకున్న మనిషి.

వయొలెట్ మంచి రౌతు. పెళ్లి 1920లో అయింది. ఇంటి లెక్కలూ, బొమ్మలు వేయించుకోవడానికి వచ్చే ధనవంతుల వ్యవహారాలూ ఆమె చూసుకునేది. బ్లాక్ నైట్ అనే నల్ల పెకినీస్ కుక్కను విందులకు కూడా వెంట తీసుకెళ్లేది. అది చనిపోయాక దాని దేహాన్ని భద్రపరిచారు. ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంది. భర్త పోయాక ఈ ఇంటిని, బొమ్మల్ని అమ్మేయకుండా మ్యూజియంగా మార్చింది ఆమే. వారసులు లేని ఇల్లు ఇంత భద్రంగా నిలిచిందంటే ఆ ఘనత పూర్తిగా వయొలెట్‌దే.

గోడల మీద ఒక దాని పక్కన ఒకటి గుర్రాలు చూస్తూ వెళుతుంటే, ఇదంతా ఒంటి కంటితో వేసిన మనిషి పని అన్న విషయం గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది. 1898లో ఒక కుక్కపిల్లను కంచె దాటించబోతే ముళ్లకొమ్మ వెనక్కి కొట్టి కుడి కన్ను పోయింది. అప్పటికి ఇరవై ఏళ్లు. మరుసటి ఏడాదే ఆయన చిత్రాలు రెండు రాయల్ అకాడమీ ప్రదర్శనకు ఎంపికయ్యాయి. ఒక కన్నుతో లోతు అంచనా కట్టడం కష్టం. అయినా పరిగెత్తే గుర్రం కాళ్లు నేల మీద ఎక్కడ ఆనతాయో ఆయనకు తెలుసు.

ఆ తెలివి ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడాలంటే మెండమ్ వెళ్లాలి. మర్నాడు కారులో బయల్దేరాం. హార్ల్‌స్టన్ అనే చిన్న ఊరు దాటాక దారి ఇరుకవుతుంది. మెండమ్ సఫోక్‌లో ఉంది. వేవెనీ నది దాటితే అవతల నార్ఫోక్. నది పెద్దదేమీ కాదు, మన మధ్యరకం పంట కాలువంత. నీళ్లు నింపాదిగా పోతుంటాయి. గట్టున విల్లో చెట్లు, పశువులు మేసే తడి మైదానాలు.

మర ఇప్పుడు ప్రైవేటు ఇల్లు. లోపలికి వెళ్లలేం. బయటి నుంచే చూశాం. జాన్ మన్నింగ్స్ ఇక్కడ నీటి మర నడిపేవాడు. నలుగురు కొడుకుల్లో ఆల్ఫ్రెడ్ రెండోవాడు. చుట్టుపక్కల రైతులు గోధుమల బస్తాలు గుర్రబ్బళ్ల మీద తెచ్చేవారు. పిండి బస్తాలు మళ్లీ బళ్ల మీదే ఊళ్లకు పోయేవి.

మామయ్యగారు రోడ్డు పక్కన నిలబడి చెయ్యి చాపి చూపిస్తూ చెప్పారు: "మిల్లు ముందు బళ్లు వరస కట్టి ఆగుతాయి కదా బాబూ. వంతు వచ్చేదాకా రైతులు కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంటారు. ఎద్దులు నిలబడి నెమరేస్తుంటాయి. మా మిల్లు దగ్గర ఏ ఎద్దు ఎవరిదో, ఏది ఏ కాలు ఈడుస్తుందో నాకు పదేళ్లకే తెలుసు. ఈ పిల్లాడూ గుర్రాల్ని అలాగే చూసుంటాడు. ఎవరూ నేర్పక్కర్లేదు."

చిత్రకళ మీద వచ్చిన వ్యాసాల్లో నాకు దొరకని మాట ఇది. మన్నింగ్స్ తొలి చిత్రాల్లో పందెపు గుర్రాలు తక్కువ. సంతలో అమ్మకానికి వచ్చిన పోనీలు (పొట్టి గుర్రాలు), బండి లాగే గుర్రాలు, రోడ్ల వెంట తిరిగే జిప్సీల జంతువులే ఎక్కువ. పద్నాలుగేళ్లకే నార్విచ్‌లో లితోగ్రఫీ అచ్చుపని చేసే కంపెనీలో అప్రెంటిస్‌గా చేరాడు. పగలు పోస్టర్లు, సాయంత్రం ఆర్ట్ స్కూలు. ఆరేళ్లు అలా గడిచాక మళ్లీ మెండమ్‌కే వచ్చి, ఒక వడ్రంగి కొట్టును స్టూడియో చేసుకున్నాడు. తర్వాత ష్రింప్ అనే కుర్రాణ్ణి, కొన్ని పోనీలను, ఒక తెల్ల గుర్రాన్ని వెంటేసుకుని ఈ వేవెనీ లోయ అంతా తిరిగాడు. ష్రింప్ రాత్రిళ్లు బండి కిందే పడుకునేవాడు. ఆ కుర్రాడు పోనీలను తోలుకుపోతున్న చిత్రాలే నాకు మన్నింగ్స్ వేసినవాటిలో అన్నిటికంటే ఇష్టం. రాజకుమారుల చిత్రాల్లో కనిపించని చనువు వాటిలో ఉంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో కన్ను కారణంగా సైన్యం తీసుకోలేదు. 1918లో కెనడా అశ్విక దళంతో ఫ్రాన్స్ వెళ్లి, ముందు వరస కందకాలకు దగ్గర్లోనే ఆ దళాధిపతి జనరల్ సీలీని వారియర్ అనే గుర్రం మీద చిత్రించాడు. అడవుల్లో దుంగలు లాగే గుర్రాల్నీ వేశాడు. మర ముందు చూసిన చాకిరీయే అక్కడా కనిపించి ఉంటుంది.

మధ్యాహ్నం ఊళ్లో భోజనం దగ్గర మామయ్యగారు అడిగారు. "ఇతనికి పెళ్లి 1920లో అన్నావు. అప్పటికి నలభై దాటాయి కదా. అంతకు ముందు?"

ముందు ఫ్లోరెన్స్ కార్టర్-వుడ్ ఉంది. కార్న్‌వాల్‌లో లమోర్నా అనే చోట చిత్రకారుల మధ్య పరిచయమైన అమ్మాయి. తనూ చిత్రకళ నేర్చుకుంటోంది. 1912 జనవరిలో పెళ్లి. హనీమూన్‌లోనే ప్రాణం తీసుకోబోయింది. 1914 జూలైలో నిజంగానే ఆత్మహత్య చేసుకుంది. మన్నింగ్స్ తర్వాత మూడు సంపుటాల ఆత్మకథ రాశాడు. మరను, గుర్రాలను, ష్రింప్‌ను, స్నేహితులను అందులో ప్రేమగా తలుచుకున్నాడు. ఫ్లోరెన్స్ పేరు మాత్రం ఎక్కడా లేదు.

ఇది నాకు మింగుడు పడలేదు. దుఃఖం వల్ల రాయలేకపోయాడని కొందరు అనవచ్చు. కావచ్చు కూడా. కానీ బండి కింద పడుకున్న కుర్రాడికి చోటున్న పుస్తకంలో భార్యకు ఒక్క వాక్యం లేకపోవడం అన్యాయం. మన ఇళ్లలోనూ ఇలా పేరు తీసేసిన మనుషులుంటారు. ఎవరి వంశవృక్షమైనా తిరగేసి చూస్తే తెలుస్తుంది.

మామయ్యగారు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఆ అమ్మాయిని ఎక్కడ పెట్టారు?" అని అడిగారు. కార్న్‌వాల్‌లోనే, సాన్‌క్రీడ్ అనే ఊరి చర్చి ఆవరణలో అని చెప్పాను. ఎంత దూరం అన్నారు. ఫోన్‌లో మ్యాప్ తీసి చూపించాను. ఈ మూల నుంచి దేశానికి ఆ మూల, కారులో దాదాపు ఒక రోజు పని. "నేను వెళ్లేలోగా కుదురుతుందేమో చూడు" అన్నారు. మా ఆవిడకు ఫోన్ చేసి, పిల్లల స్కూలు సెలవులు ఎప్పట్నుంచో అడిగాను.