ముందు లేయర్స్ ప్యానెల్‌కి చోటివ్వండి

ఫోటోషాప్ ఇన్‌స్టాల్ చేసి ఓపెన్ చెయ్యగానే కుడిపక్క చూడండి, కలర్, స్వాచెస్, ప్రాపర్టీస్ అన్నీ పైన దర్జాగా కూర్చునుంటాయి, లేయర్స్ ప్యానెల్ మాత్రం అడుగున మూలకి ఇరుక్కుని ఉంటుంది. లేయర్లంటే ఫోటో మీద ఒకదానిపై ఒకటి పరిచిన పారదర్శక కాగితాల్లాంటివి, ఒక్కో మార్పు ఒక్కోదాని మీద విడిగా ఉంటుంది. చిన్న స్క్రీన్ అయితే నాలుగైదు లేయర్లు దాటితే స్క్రోల్ చేస్తూ కూర్చోవాలి. నాకు ఇది అస్సలు నచ్చదు, ఎందుకంటే ఫోటో ఎడిటింగ్‌లో అసలు పనంతా అక్కడే జరుగుతుంది, ఏ లేయర్ మీద ఏది ఉందో ఒక్క చూపులో కనపడకపోతే మనం ఏం చేస్తున్నామో మనకే తెలీదు.

అందుకే నేను ముందు కలర్, స్వాచెస్ ట్యాబ్‌ల మీద రైట్ క్లిక్ చేసి క్లోజ్ చేసేస్తా. భయపడక్కర్లేదు, క్లోజ్ చేస్తే పోవు, విండో మెనూలో ఉంటాయి, కావాలంటే మళ్ళీ తెచ్చుకోవచ్చు. కుడి కాలమ్ మొత్తం పైనుంచి కిందదాకా లేయర్స్‌కే ఇచ్చేసి, దాని పక్కన ప్రాపర్టీస్, హిస్టరీ రెండూ ఐకాన్లుగా ముడిచి పెట్టుకుంటా. ప్యానెల్ జరపాలంటే దాని ట్యాబ్ పేరు పట్టుకుని లాగాలి, ఎక్కడ అతుక్కుంటుందో అక్కడ నీలం గీత కనిపిస్తుంది, అది కనిపించాకే మౌస్ వదలాలి, లేకపోతే ప్యానెల్ ఫోటో మీద తేలుతూ ఉండిపోతుంది. అంతా సర్దుకున్నాక విండో మెనూలో వర్క్‌స్పేస్‌లోకెళ్ళి న్యూ వర్క్‌స్పేస్ అని ఒక పేరుతో సేవ్ చేస్కోండి, ఇది మాత్రం మర్చిపోకండి. తర్వాత ఎంత చిందరవందర అయినా రీసెట్ కొడితే మీరు సర్దుకున్నట్టే తిరిగొచ్చేస్తుంది. ట్యాబ్ కీ నొక్కితే ప్యానెల్స్ అన్నీ మాయమై ఫోటో ఒక్కటే కనపడుతుంది, షిఫ్ట్ కూడా కలిపి నొక్కితే టూల్స్ ఉండి మిగతావి పోతాయి, ఎడిట్ మధ్యలో ఫోటోని తేరిపార చూడ్డానికి ఇంతకన్నా మంచి దారి లేదు. గింప్ అనే ఉచిత ఫోటో ఎడిటర్ వాడేవాళ్ళకి కూడా ట్యాబ్ కీ ఇలాగే పనిచేస్తుంది, అందులో మొదట్లో టూల్స్ ఒక విండో ఫోటో ఒక విండో అని విడివిడిగా ఉండేవి, 2012లో వచ్చిన 2.8 నుంచి అన్నీ ఒకే విండోలో పెట్టుకునే వీలొచ్చింది.

ఇక లేయర్స్ సంగతి. ఫోటోషాప్‌లో ఇవి 1994లో మూడో వెర్షన్‌తో వచ్చాయి, అంతకుముందు ఫోటో మీద ఏదైనా అతికించి సెలెక్షన్ తీసేస్తే అది కింద ఉన్న బొమ్మలో కలిసిపోయేది, మళ్ళీ విడదీయడం కుదిరేది కాదు. ఇప్పుడు ఆ బాధ లేదు కదా, అయినా చాలామంది ఇంకా నేరుగా బ్యాక్‌గ్రౌండ్ మీదే, అంటే అసలు ఫోటో ఉన్న అడుగు లేయర్ మీదే, బ్రష్ తిప్పేస్తుంటారు, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

ఒక ముఖం ఫోటో ఉందనుకోండి, ఒకవైపు నీడగా ఉంది, చర్మం మీద రెండు మూడు మచ్చలున్నాయి. ముందు బ్యాక్‌గ్రౌండ్ పైన ఖాళీ లేయర్ ఒకటి పెట్టి, హీలింగ్ బ్రష్ తీసుకుని, పైన శాంపిల్ అన్న చోట (దిద్దడానికి రంగు ఏ లేయర్ల నుంచి తీసుకోవాలో చెప్పేది) కరెంట్ అండ్ బిలో పెట్టి మచ్చలు తీస్తాం. అసలు ఫోటో అలాగే ఉంటుంది, దిద్దినది మాత్రమే కొత్త లేయర్లో ఉంటుంది. దాని పైన కర్వ్స్ అడ్జస్ట్‌మెంట్ లేయర్ (కిందున్న ఫోటోని ముట్టుకోకుండా వెలుగుని మార్చే లేయర్) వేసి నీడకి సరిపడా వెలుగు పెంచుతాం, ఫోటో మొత్తం తెల్లబడుతుంది, పర్లేదు, ఆ లేయర్ పక్కనే మాస్క్ ఉంటుంది, అది తెల్లగా ఉన్నచోట లేయర్ ప్రభావం కనపడుతుంది, నల్లగా ఉన్నచోట దాగుతుంది, ఆ మాస్క్ మీద క్లిక్ చేసి కంట్రోల్ ఐ కొడితే మాస్క్ నల్లగా అయి ఆ వెలుగంతా దాగిపోతుంది. ఇప్పుడు మెత్తటి తెల్ల బ్రష్‌తో, ఫ్లో (రంగు ఎంత దట్టంగా పడాలో) బాగా తగ్గించి, నీడ ఉన్న చోటే మెల్లగా దిద్దుకుంటూ పోవాలి. ఎక్కువైన చోట ఎక్స్ కీ నొక్కి నలుపుతో దిద్దితే సరి. ఆల్ట్ పట్టుకుని మాస్క్ మీద క్లిక్ చేస్తే మాస్క్ ఒక్కటే స్క్రీన్ నిండా కనపడుతుంది, ఎక్కడెక్కడ బ్రష్ తగలకుండా వదిలేశామో అప్పుడు స్పష్టంగా బయటపడుతుంది.

ఇక్కడ వరస చాలా ముఖ్యం. మచ్చల లేయర్ కర్వ్స్ కిందే ఉండాలి. పైన పెడితే అది వెలుగు పెరిగాక ఉన్న రంగుని తీసుకుంటుంది, రేపు కర్వ్ కొంచెం తగ్గించగానే ఆ దిద్దిన ముక్కలు చర్మం మీద అతుకుల్లా కనపడతాయి. అలాగని కింద పెట్టి శాంపిల్ ఆల్ లేయర్స్ పెట్టినా చిక్కే, పైనున్న కర్వ్ ప్రభావాన్ని కూడా కలిపి తీసుకుని ఆ ముక్కలకి వెలుగు రెండుసార్లు పడుతుంది. నేను లేయర్స్ ప్యానెల్ పొడుగ్గా ఉండాలని అంత పట్టుబట్టేది ఇందుకే, ఈ వరస ఎప్పుడూ కళ్ళముందు ఉండాలి.

పేర్లు కూడా పెట్టుకోండి, లేయర్ పేరు మీద డబుల్ క్లిక్ చేస్తే చాలు. ఎడమ చెంప వెలుగు, మచ్చలు, ఆకాశం ఇలా ఏదైనా సరే, కర్వ్స్ 1 కాపీ 3 అని ఉంటే వారం తర్వాత దేవుడికే తెలియాలి. సంబంధమున్నవి కంట్రోల్ జీ తో గ్రూప్ చెయ్యండి. ఏదో తేడాగా ఉంది కానీ ఏ లేయర్ వల్లో తెలీట్లేదంటే కన్ను గుర్తులు ఒక్కొక్కటే ఆపి చూడండి, దొరికేస్తుంది.

సేవ్ చేసేటప్పుడు ఫోటోషాప్ సొంత ఫైల్ రకమైన పీఎస్‌డీ గానే చెయ్యండి, జేపెగ్‌లో లేయర్లు మిగలవు. పీఎస్‌డీ 2 జీబీ దాకానే ఒప్పుకుంటుంది, అది దాటితే పెద్ద ఫైళ్ళ కోసం పీఎస్‌బీ అనే రకం ఉంది. క్రాప్ చేసేముందు పైన డిలీట్ క్రాప్‌డ్ పిక్సెల్స్ టిక్ తీసెయ్యండి, లేకపోతే ఇన్ని లేయర్లు జాగ్రత్తగా పెట్టుకుని కూడా అంచులు పోతాయి.